వాయిదాకు లొంగని జబ్బు

రువాండా మారణకాండ కేసుల్లో చాలాకాలం దొరకకుండా తిరిగిన పెద్ద పేర్లలో ఫెలిసియాన్ కబూగా ఒకరు. 1994లో సుమారు ఎనిమిది లక్షల మందిని బలి తీసుకున్న ఆ ఊచకోతకు డబ్బు సమకూర్చారని, టుట్సీ తెగవారి మీద ద్వేషం వెదజల్లిన రేడియో కేంద్రం వెనక ఉన్నారని ఆయన మీద అభియోగం. ఏళ్ల తరబడి తప్పించుకుని చివరికి 2020 మే నెలలో పారిస్ శివారులో పట్టుబడ్డారు. 2022 సెప్టెంబరు 29న హేగ్‌లో, ఐక్యరాజ్య సమితి ఏర్పాటు చేసిన ప్రత్యేక న్యాయస్థానంలో విచారణ మొదలైంది. మరుసటి ఏడాది జూన్ కల్లా ఆ విచారణ ముందుకు కదలలేని స్థితికి వచ్చింది. కబూగాకు తీవ్రమైన డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచనాశక్తి క్రమంగా క్షీణించే జబ్బు) ఉందని, తన మీద జరుగుతున్న విచారణలో అర్థవంతంగా పాలుపంచుకునే శక్తి ఆయనకు లేదని, ఆ శక్తి తిరిగి వచ్చే అవకాశం కూడా దాదాపు లేదని వైద్య నిపుణుల మాట విన్న న్యాయమూర్తులు తేల్చారు.

అక్కడితో వదిలేయడానికి వారికి మనసొప్పలేదు. దోషిగా ప్రకటించే వీలు లేకుండా, విచారణను పోలిన మరో ప్రక్రియ నడిపి, అసలు జరిగిందేమిటో నిర్ధారిద్దామని మెజారిటీ న్యాయమూర్తులు ప్రతిపాదించారు. 2023 ఆగస్టు 7న అప్పీలు ధర్మాసనం దాన్ని కొట్టివేసింది. నిబంధనల్లో లేని ప్రక్రియను కోర్టు తనంతట తాను సృష్టించుకోలేదని, విచారణను నిరవధికంగా నిలిపివేయాల్సిందేనని చెప్పింది. కేసు ఆగిపోయిన తర్వాత కూడా, చేర్చుకునే దేశం దొరకక కబూగా చాలాకాలం నిర్బంధంలోనే ఉండిపోయారు. ఆయన నేరం రుజువు కాలేదు, నిర్దోషిత్వమూ తేలలేదు. ముప్పై ఏళ్లు ఎదురుచూసిన బాధితులకు తీర్పు దక్కలేదు.

కేసు ఎంత పెద్దదైనా ఇందులోని చిక్కు మాత్రం ఏ మండల కేంద్రంలోని మేజిస్ట్రేటు కోర్టులోనైనా ఎదురు కాగలదు. మతి సరిగా లేని మనిషిని బోనులో నిలబెట్టకూడదన్న నియమం చాలా పాతది. దాన్ని రాసిన వారి కళ్లముందు ఉన్నది ఒక రకమైన రోగి. అతడికి ఉన్మాదం వస్తుంది, ఆసుపత్రిలో ఉంచి మందులిస్తే కొన్ని నెలల్లో తేరుకుంటాడు, అప్పుడు మళ్లీ పిలిచి విచారించవచ్చు. అందుకే ప్రపంచంలో చాలా చట్టాలు ఇచ్చే మొదటి జవాబు వాయిదా. డిమెన్షియా రోగి ఈ లెక్కలో ఎక్కడా ఇమడడు. ఈ వాయిదా నాటికి తెలిసినది వచ్చే వాయిదాకు తెలియకుండా పోతుంది. మందులు కొందరిలో కొంతకాలం నిలకడ తెస్తాయే తప్ప పోయిన జ్ఞానాన్ని వెనక్కి తేవు. తిరిగిరాని మనిషి కోసం కేసును ఆపి ఉంచే చట్టం నిందితుడికి గానీ బాధితులకు గానీ న్యాయం చేయలేదు. మన దేశంలో 2023లో కొత్త నేర స్మృతులు వచ్చినప్పుడు దీన్ని సరిదిద్దే అవకాశం వచ్చింది. సరిదిద్దలేదు.

ముందుగా ఒక అయోమయం తొలగించాలి. వార్తల్లో ‘మతిస్థిమితం లేదు కాబట్టి శిక్ష తప్పింది’ అన్న ఒకే వాక్యం కింద మూడు వేరువేరు ప్రశ్నలు కలిసిపోతుంటాయి. నేరం జరిగిన క్షణంలో నిందితుడి మనసు ఎలా ఉంది అన్నది ఒకటి. పాత ఐపీసీ 84వ సెక్షను, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షను దాని గురించే. విచారణ జరుగుతున్న రోజుల్లో మనసు ఎలా ఉంది అన్నది రెండోది. మరణశిక్ష అమలు చేసే నాటికి ఆ శిక్ష ఎందుకో అతడికి అర్థమవుతోందా అన్నది మూడోది. పూర్తి తెలివితో నేరం చేసిన మనిషి పదేళ్ల తర్వాత విచారణకు పనికిరాని స్థితికి చేరవచ్చు. ఈ వ్యాసం ప్రధానంగా రెండో ప్రశ్న గురించి.

విచారణకు పనికిరావడం అంటే ఏమిటి? ఇంగ్లండులో 1836 నాటి ప్రిచర్డ్ కేసు దీనికి మూలం. అందులో నిందితుడు చెవిటి, మూగ. కోర్టులో జరుగుతున్న తంతును గ్రహించగలడా, సాక్ష్యం వివరాలు అర్థం చేసుకుని సరైన ప్రతివాదం చేసుకోగలడా అని జ్యూరీ చూడాలని న్యాయమూర్తి అప్పుడు చెప్పారు. అమెరికాలో 1960 నాటి డస్కీ తీర్పు పేజీకి మించదు కానీ నేటికీ అక్కడ అదే కొలబద్ద. నిందితుడికి రోజు, తేదీ తెలిసి, కొన్ని సంఘటనలు గుర్తున్నంత మాత్రాన సరిపోదని, తన న్యాయవాదితో తర్కబద్ధంగా సంప్రదించగలగాలని, తన మీద జరుగుతున్న ప్రక్రియను విషయపరంగానూ హేతుబద్ధంగానూ గ్రహించగలగాలని ఆ తీర్పు సారం. 2004లో మాజీ యుగోస్లావియా యుద్ధ నేరాల న్యాయస్థానం పావ్లే స్ట్రుగార్ అనే జనరల్ కేసులో ఈ సామర్థ్యాలను విడివిడిగా పేర్కొంది. స్ట్రుగార్‌కు రక్తనాళాల సంబంధిత డిమెన్షియా ఉందన్న వాదన వచ్చింది. అయినా అవసరమైనంత సామర్థ్యం మిగిలే ఉందని తేల్చి విచారించారు, 2005లో శిక్షించారు. రోగం పేరు రాసిన కాగితం చూపినంత మాత్రాన విచారణ ఆగదు. ఆ రోగం ఆ మనిషిలో ఏ పనిని దెబ్బతీసిందన్నదే కోర్టుకు కావాలి.

డిమెన్షియా దెబ్బతీసే పనులు చాలామంది అనుకునే వాటికన్నా సూక్ష్మమైనవి. నేరం చేసిన సంగతే గుర్తు లేదు కాబట్టి విచారించకూడదన్న వాదనను కోర్టులు సాధారణంగా అంగీకరించవు. తాగిన మత్తులో ఉన్నవాడికీ, తలకు దెబ్బ తగిలినవాడికీ కూడా ఆ గంట గుర్తుండకపోవచ్చు. రికార్డులు, సాక్షులు, ఇతర ఆధారాలతో ప్రతివాదం నిర్మించవచ్చు. అసలు కష్టం వేరే చోట ఉంది. ఉదయం ఒక సాక్షి చెప్పింది మధ్యాహ్నానికి గుర్తుండాలి. ‘ఆ రోజు ఇతను ఊళ్లోనే లేడు, అబద్ధం చెబుతున్నాడు’ అని న్యాయవాది చెవిలో చెప్పగలగాలి. ముందు వాయిదాలో నిర్ణయించుకున్నది ఈ వాయిదాలో తెలిసి ఉండాలి. నేరం ఒప్పుకుంటే ఏమవుతుందో, ఒప్పుకోకపోతే ఏమవుతుందో తూచి చూడగలగాలి. ఇవన్నీ కొత్త జ్ఞాపకాలను నిలుపుకుని వాటితో ఆలోచించే పనులు. అల్జీమర్స్ ముందుగా తినేసేది సరిగ్గా ఆ శక్తినే.

పాత జ్ఞాపకాలు మాత్రం చాలాకాలం నిలుస్తాయి. ఇక్కడే కోర్టులు మోసపోయే ప్రమాదం ఉంది. డిమెన్షియా మధ్య దశలో ఉన్న పెద్దాయన కోర్టులోకి వచ్చి న్యాయమూర్తికి వినయంగా నమస్కరిస్తాడు. పేరేమిటంటే చెబుతాడు, తండ్రి పేరు చెబుతాడు, ఊరు చెబుతాడు, పొలం సర్వే నంబరు కూడా తడబడకుండా చెబుతాడు. అరవై ఏళ్లు అలవాటైన మర్యాదలు జబ్బుకు అంత త్వరగా లొంగవు. రెండు నిమిషాల పలకరింపులో ఆయన మామూలు మనిషిలాగే కనిపిస్తాడు. పావుగంట తర్వాత అదే న్యాయమూర్తి ఎవరో ఆయనకు తెలియకపోవచ్చు. ‘అడిగినవన్నీ సక్రమంగా చెప్పాడు’ అని రికార్డులో రాసుకున్న ఒక్క వాక్యం మీద ఒక జీవితం నడిచిపోతుంది.

ఇంకా భయపడాల్సిన విషయం ఒకటుంది. జ్ఞాపకంలో ఖాళీ ఏర్పడిన చోట మెదడు తనంతట తానే ఒక కథ అల్లి పూడ్చుకుంటుంది. రోగికి అది అబద్ధమని తెలియదు. తనకు జరిగినట్టే నమ్మి చెబుతాడు. చాలామంది తమకు అర్థం కాలేదన్న సంగతి బయటపడకూడదని ఎదుటివారు ఏమడిగినా అవునంటారు. పోలీసు విచారణ గదిలో ఈ లక్షణం ఎంత ప్రమాదకరమో వేరే చెప్పనక్కరలేదు. మన విచారణ పద్ధతిలోనూ ఇలాంటి ఘట్టం ఉంది. ప్రాసిక్యూషన్ సాక్ష్యం ముగిశాక, తనకు వ్యతిరేకంగా వచ్చిన ప్రతి అంశాన్నీ నిందితుడి ముందుపెట్టి ఏమంటావని న్యాయమూర్తి అడుగుతారు. నేర విచారణ పద్ధతిని నిర్దేశించిన పాత సీఆర్‌పీసీలో అది 313వ సెక్షను, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 351. నిందితుడు తన గొంతుతో నేరుగా కోర్టుకు చెప్పుకునే అవకాశం అది. పది పన్నెండు పొడుగాటి ప్రశ్నలు వరుసగా వస్తుంటే, మూడో ప్రశ్నకే మొదటిదాన్ని మరచిపోయే మనిషి ‘అవును’ అన్నా ‘కాదు’ అన్నా ‘తెలియదు’ అన్నా ఆ జవాబుకు విలువ ఏముంటుంది?

అన్ని డిమెన్షియాలూ మతిమరుపుతో మొదలు కావు. మెదడు ముందు భాగాన్ని, కణతల వైపు భాగాన్ని దెబ్బతీసే ఒక రకం ఉంది. అది తరచుగా అరవై దాటకముందే వస్తుంది. అందులో జ్ఞాపకం బాగానే ఉండి, మంచీచెడూ తూచే నిగ్రహం ముందుగా పోతుంది. ఎన్నడూ పరాయి సొమ్ము ముట్టని మనిషి దుకాణంలో వస్తువు తీసి జేబులో వేసుకుంటాడు, వీధిలో అసభ్యంగా ప్రవర్తిస్తాడు, ఢీకొట్టి కారు ఆపకుండా వెళ్లిపోతాడు. కాలిఫోర్నియాలోని ఒక జ్ఞాపకశక్తి కేంద్రంలో 2,397 మంది రోగుల రికార్డులను పరిశీలించిన అధ్యయనం 2015లో వెలువడింది. జబ్బు సమయంలో నేర ప్రవర్తన కనబడినవారు మొత్తం మీద 8.5 శాతం. అల్జీమర్స్ రోగుల్లో అది 7.7 శాతమైతే, ప్రవర్తన మార్పులతో వచ్చే ఈ రకంలో 37.4 శాతం. అంటే కొన్ని కుటుంబాలకు జబ్బు సంగతి మొదట చెప్పేది డాక్టరు కాదు, పోలీస్ స్టేషన్ నుంచి వచ్చే ఫోను. యాభై ఎనిమిదేళ్ల వయసులో మొదటిసారి దొంగతనం కేసులో ఇరుక్కున్న మనిషిని ‘ఈ వయసులో ఇదేం బుద్ధి’ అని ఛీకొట్టే ముందు మెదడు స్కానింగ్ చేయించాలన్న ఆలోచన పోలీసులకు, న్యాయవాదులకు, ఇంట్లోవాళ్లకు కలగడం చాలా అవసరం.

మరి సామర్థ్యాన్ని కొలిచేదెలా? ఆసుపత్రుల్లో విస్తృతంగా వాడే ముప్పై మార్కుల చిన్న పరీక్ష ఉంది. తేదీ, స్థలం, మూడు మాటలు గుర్తుపెట్టుకోవడం, వందలోంచి ఏడేసి తీసేయడం, ఒక బొమ్మ చూసి గీయడం. అది జబ్బును అనుమానించడానికి పనికొస్తుంది. విచారణ సామర్థ్యాన్ని అది కొలవదు. పైగా బడి మొహం చూడని వ్యవసాయ కూలీ ఆరోగ్యంగా ఉండి కూడా అందులో తక్కువ మార్కులు తెచ్చుకోవచ్చు. విశ్రాంత లెక్చరరు జబ్బు ముదిరాక కూడా గట్టెక్కవచ్చు. ఈ లోపం గుర్తించే భారత వైద్య పరిశోధన మండలి మన భాషల్లో పరీక్షల సంపుటి ఒకటి తయారుచేయించింది. అందులో తెలుగు కూడా ఉంది. తెలుగు నిందితుడిని తెలుగులో పరీక్షించారా, అతని చదువును లెక్కలోకి తీసుకున్నారా అన్నది ప్రతివాద న్యాయవాది తప్పక అడగాల్సిన ప్రశ్న. ఏ వేళ పరీక్షించారన్నదీ ముఖ్యమే. పొద్దున నిలకడగా ఉండి పొద్దువాలేసరికి కలవరపడే రోగులు చాలామంది. కొన్ని రకాల డిమెన్షియాలో రోజుకూ రోజుకూ మధ్య కూడా పెద్ద తేడా ఉంటుంది. ఒక్కసారి చూసి రాసిన ధ్రువపత్రం ఆ ఒక్కపూట సంగతే చెబుతుంది.

ఇక నటన మాట. దీన్ని దాటవేయకూడదు, ఎందుకంటే కోర్టుల అనుమానానికి కారణాలున్నాయి. న్యూయార్క్ మాఫియా నాయకుడు విన్సెంట్ గిగాంటే దశాబ్దాల పాటు స్నానపు గౌను వేసుకుని తనలో తాను గొణుక్కుంటూ వీధుల్లో తిరిగాడు. పేరున్న మానసిక వైద్యులే అతనికి మతి లేదని రాశారు. 1997లో శిక్షపడింది. 2003లో అదంతా నటనేనని కోర్టులో ఒప్పుకున్నాడు. బ్రిటన్‌లో గిన్నెస్ అనే బీరు కంపెనీ వాటాల కుంభకోణంలో 1990లో శిక్షపడిన ఎర్నెస్ట్ సాండర్స్‌కు అల్జీమర్స్ తరహా జబ్బు ఉందన్న వైద్య సాక్ష్యంతో అప్పీలు కోర్టు శిక్ష తగ్గించింది. 1991లో విడుదలయ్యాక ఆయన కోలుకున్నారు. అల్జీమర్స్ నిజంగా ఉంటే ఎవరూ కోలుకోరు. చిలీ మాజీ నియంత పినోచెట్‌ది మరింత చేదు అనుభవం. డిమెన్షియా కారణంగా ఆయనను విచారించలేమని 2002లో చిలీ సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటి ఏడాది ఆయన ఒక టీవీ చానలుకు తాపీగా ఇంటర్వ్యూ ఇచ్చారు. 2004 డిసెంబరులో ఆయన విచారణకు తగినవాడేనని దర్యాప్తు న్యాయమూర్తి ప్రకటించారు. 2006లో, ఏ కేసులోనూ తుది తీర్పు రాకముందే చనిపోయారు.

ఈ మూడు కేసుల్లోనూ నిందితులు డబ్బు, పలుకుబడి, పేరున్న న్యాయవాదులు ఉన్నవారే. నటించడానికి కూడా వనరులు కావాలి. నటనను పట్టుకునే పద్ధతులు ఇప్పుడు మెరుగయ్యాయి. నిజమైన డిమెన్షియా రోగి కూడా దాటగలిగేంత తేలికైన జ్ఞాపక పరీక్షలో కావాలని తప్పులు చేసేవాడు దొరికిపోతాడు. మెదడు చిత్రాలు ఉంటాయి. నెలల తరబడి వార్డులో నర్సులు రాసిన పరిశీలనలు ఉంటాయి. అన్నిటినీ మించి కాలమే సాక్షి. నిజమైన జబ్బు ఆరు నెలలకు ముదురుతుంది. గిగాంటేలను వడపోయడానికి ఇన్ని దారులుండగా, ‘అందరూ ఇలాగే అంటారులే’ అని కొట్టిపారేసే అలవాటు మాత్రం ఎవరి మీద పడుతుంది? ఉచిత న్యాయసహాయం మీద ఆధారపడి, పాత వైద్య రికార్డు ఒక్కటీ లేక, జైలు బ్యారక్‌లో ‘చాదస్తపు ముసలాయన’ అనిపించుకుంటూ మిగిలిపోయిన వారి మీద.

మన చట్టానికి వద్దాం. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 27వ అధ్యాయం, 367వ సెక్షను నుంచి ఇదే విషయం. నిందితుడికి మతిస్థిమితం లేదని మేజిస్ట్రేటుకు అనిపిస్తే సివిల్ సర్జన్ చేత పరీక్షింపజేయాలి. ఆయన అవునంటే మానసిక వైద్యుడికి లేదా క్లినికల్ సైకాలజిస్టుకు పంపాలి. ఆ అభిప్రాయంతో విభేదిస్తే వైద్య బోర్డుకు అప్పీలు చేసుకోవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో ఎర్రగడ్డ, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల పేర్లు ఇలాంటి ఉత్తర్వుల్లో తరచు వినబడేవి. ఎవరో దరఖాస్తు పెట్టేదాకా ఆగమని చట్టం చెప్పలేదు. కోర్టుకు అలా ‘కనబడితే’ చాలు, ముందు ఆ సంగతే తేల్చాలి. ప్రాథమికంగా కేసే లేదనిపిస్తే వాయిదా వేయకుండా అప్పుడే నిందితుడిని విడిచిపెట్టే అధికారమూ కోర్టుకు ఉంది. ఇక్కడిదాకా చట్టం మానవీయంగానే ఉంది.

ఆ తర్వాత దారి రెండుగా చీలుతుంది. ప్రతివాదం చేసుకోలేని స్థితికి కారణం పుట్టుకతోనో చిన్నతనంలోనో వచ్చిన బుద్ధిమాంద్యం అయితే విచారణ జరపకూడదు, అక్కడితో ముగించాలి. కారణం మతిస్థిమితం లేకపోవడమైతే, చికిత్సకు ఎంతకాలం పడుతుందని వైద్యుడు చెబితే అంతకాలం వాయిదా వేయాలి. ఈ విభజన వెనక తర్కం ఉంది. బుద్ధిమాంద్యం మారదు, మానసిక వ్యాధి తగ్గవచ్చు. మరి డిమెన్షియా? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం జ్ఞాపకశక్తికీ స్థలకాల స్పృహకూ వచ్చే తీవ్ర లోపాన్ని మానసిక వ్యాధిలోనే చేర్చింది. బుద్ధిమాంద్యాన్ని దాని నుంచి మినహాయించింది. కాబట్టి డిమెన్షియా రెండో దారిలో, అంటే వాయిదాల దారిలో పడుతుంది. స్వభావంలో అది మొదటి దారికి చెందినది. తగ్గదన్న కారణంతో ఒకరికి కేసు ముగిస్తూ, అంతకంటే నిశ్చయంగా తగ్గని జబ్బు ఉన్నవారికి ‘చికిత్సాకాలం’ వాయిదా ఇవ్వడం చట్టం తన తర్కాన్ని తానే మరచిపోవడం. 2009లో పాత స్మృతికి వచ్చిన ఈ చీలిక, పదజాలం మార్పులతో కొత్త స్మృతిలోకి అలాగే చేరింది.

వాయిదా అంటే ఇంటి దగ్గర ఉండడమేగా అనుకోవచ్చు. ఆసుపత్రిలో ఉంచాల్సిన అవసరం లేకపోతే, నేరం బెయిలు ఇవ్వదగినదైనా కాకపోయినా విడుదల చేయవచ్చని 369వ సెక్షను అంటోంది. కానీ బంధువో స్నేహితుడో ముందుకొచ్చి, క్రమం తప్పకుండా వైద్యం చేయిస్తామని, ఎవరికీ హాని జరగకుండా చూస్తామని పూచీ ఇవ్వాలి. పూచీ ఇచ్చేవారు లేనివారి సంగతి? అస్సాంకు చెందిన మచాంగ్ లాలుంగ్ అనే ఆదివాసీని 1951లో అరెస్టు చేశారు. మానసిక ఆసుపత్రికి పంపారు. విచారణకు తగినవాడేనని 1967లో వైద్యులు రాసినా ఆయనను కోర్టుకు తీసుకెళ్లిన వారు లేరు. ఆసుపత్రి నుంచి జైలుకు మార్చారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ కదిలాక 2005లో బయటికొచ్చేసరికి ఆయన వయసు 77. విచారణే లేకుండా 54 ఏళ్లు. ఆయనకు ఉన్నది డిమెన్షియా కాదు. కానీ ఎవరూ అడగని మనిషి విషయంలో ‘వాయిదా’ అన్న మాటకు ఎంత పొడవు ఉండగలదో ఆయన జీవితం చూపించింది. ఇలాంటి కేసుల వార్తలను స్వయంగా చేపట్టిన సుప్రీంకోర్టు, ఆసుపత్రుల నుంచి క్రమం తప్పకుండా నివేదికలు తెప్పించుకోవాలని, మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు కాకపోతే గరిష్ఠ శిక్షాకాలం దాటినవారి కేసును ముగిసినట్టే చూడాలని 2007లో ఆదేశించింది. 2022 చివరి నాటికి దేశంలోని ఖైదీల్లో 75.8 శాతం విచారణ ఖైదీలే. వారిలో ఎందరు పెద్దవాళ్లు మెల్లగా మతి కోల్పోతున్నారో చూసే కన్ను జైలు వైద్య వ్యవస్థకు ఉండాలి.

అమెరికా సుప్రీంకోర్టు ఈ చిక్కును యాభై ఏళ్ల కిందటే గుర్తించింది. ఇండియానాలో థియాన్ జాక్సన్ అనే చెవిటి, మూగ యువకుడి మీద కేసు రెండు దొంగతనాలది. పోయిన సొత్తు విలువ అంతా కలిపి తొమ్మిది డాలర్లు. విచారణకు తగిన స్థితి వచ్చేదాకా ఆసుపత్రిలో ఉంచమన్నారు. ఆ స్థితి ఎప్పటికీ రాదని వైద్యులే చెప్పారు. అలా అయితే అది జీవితఖైదే కదా అని 1972లో కోర్టు ప్రశ్నించింది. సమీప భవిష్యత్తులో కోలుకునే గట్టి అవకాశం ఉందో లేదో తేల్చడానికి పట్టే సహేతుకమైన కాలం వరకే నిర్బంధించవచ్చని, కోలుకోడని తేలితే వదిలిపెట్టాలని లేదా మామూలు పౌరుల మాదిరిగా ఆసుపత్రి చేర్పు ప్రక్రియ నడపాలని చెప్పింది. మన సంహితలో లేనిది ఈ ఒక్క ప్రశ్నే: ‘ఈయన కోలుకుంటాడా?’

ఇంగ్లండు మరో దారి వెతికింది. అక్కడ నిందితుడు పనికిరాడని తేలితే, ఆ పని అతడు చేశాడా లేదా అన్నంతవరకు జ్యూరీ సాక్ష్యం వింటుంది. దోషి అనదు, జైలుకు పంపదు. చేయలేదని తేలితే నిర్దోషిగా విడిచిపెడతారు. చేశాడని తేలితే ఆసుపత్రి ఉత్తర్వు, పర్యవేక్షణ లేదా పూర్తి విడుదల. లేబర్ పార్టీ మాజీ ఎంపీ గ్రెవిల్ జానర్ కేసు ఈ పద్ధతి విలువనూ పరిమితినీ చూపించింది. పిల్లలపై లైంగిక నేరాల ఆరోపణలు ఎదుర్కొన్న ఆయనకు 2009లోనే అల్జీమర్స్ నిర్ధారణ అయింది. ప్రాసిక్యూషన్ వల్ల ప్రజా ప్రయోజనం లేదని 2015 ఏప్రిల్‌లో అధికారులు నిర్ణయించారు. ఫిర్యాదుదారులు పునఃపరిశీలన కోరడంతో జూన్‌లో ఆ నిర్ణయం తారుమారైంది. డిసెంబరులో ఆయన విచారణకు తగరని తేల్చి, వాస్తవాల విచారణకు ఏప్రిల్ తేదీ పెట్టారు. ఆ డిసెంబరు 19నే ఆయన చనిపోయారు. ఆరోపణలను ఆయన కుటుంబం ఎప్పుడూ అంగీకరించలేదు. ఫిర్యాదుదారుల మాట నిజమో కాదో ఒక క్రిమినల్ కోర్టు ఎన్నటికీ చెప్పలేకపోయింది. కంబోడియాలో 1970ల నాటి ఊచకోతలకు కారణమైన ఖ్మేర్ రూజ్ ప్రభుత్వంలో మంత్రిగా పనిచేసి, తర్వాత డిమెన్షియా బారిన పడిన ఇయెంగ్ థిరిత్ విషయంలో చికిత్స చేసి చూసి, ఫలితం లేదని ఒప్పుకుని 2012 సెప్టెంబరులో విడుదల చేశారు. ఆమె 2015లో మరణించారు.

ఘోరమైన నేరాలకు ఇంగ్లండు పద్ధతి మనకూ అవసరమని ఈ వ్యాసం గట్టిగా అంటుంది. నిందితుడి తరఫున మాట్లాడేవారు లేని విచారణ అన్యాయమన్న అభ్యంతరం బలమైనదే. అయితే హేగ్‌లో ఇలాంటి ప్రక్రియను తోసిపుచ్చింది ప్రధానంగా నిబంధన లేదన్న కారణంతో. నిబంధన రాయవచ్చు. శిక్ష వేసే అధికారం తీసేసి, ప్రతి సాక్షినీ ప్రశ్నించే న్యాయవాదిని ప్రభుత్వ ఖర్చుతో పెట్టి, రుజువు స్థాయి మామూలు విచారణలో లాగే ఉంచితే నిందితుడికి పోయేది తక్కువ. నిర్దోషి అయితే ఆ మాట అనిపించుకునే అవకాశం అతనికీ దక్కుతుంది. చిన్న నేరాల్లో ఇంత తతంగం అక్కర్లేదు. అవి ముగిసిపోవడమే మంచిది.

మన దగ్గర ఈ ప్రశ్న రోజురోజుకూ పెద్దదవుతుంది. అరవై దాటినవారిలో 7.4 శాతానికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా. దీనికి తోడు మన కోర్టుల నిదానం. రైల్వే మంత్రి ఎల్.ఎన్. మిశ్రా 1975 జనవరిలో బాంబు దాడిలో చనిపోతే, తీర్పు వచ్చింది 2014 డిసెంబరులో. నడివయసులో కేసులో చేరిన మనిషి విచారణ నడుస్తుండగానే ముసలివాడవుతున్నాడు. కోడలి ఫిర్యాదులో పేరు చేరిన అత్తమామలు, చెల్లని చెక్కు కేసులో వ్యాపారి, భూతగాదాలో మొదటి ముద్దాయిగా ఉన్న ఇంటి పెద్ద, పాత అవినీతి కేసులో విశ్రాంత ఉద్యోగి. వీరందరికీ నేర సమయంలో తెలివి ఉంది, సాక్ష్యాలు మొదలయ్యేనాటికి ఉంటుందన్న హామీ లేదు.

బాధితుల వైపు నుంచి చూస్తే, విచారణ ఆగిపోవడం రెండో దెబ్బ. నిందితుడు నిర్దోషిగా తేలడంతోనో, అభియోగాల నుంచి విముక్తి పొందడంతోనో కేసు ముగిసినా బాధితులకు పునరావాసం అవసరమనిపిస్తే పరిహారానికి సిఫారసు చేసే అధికారం కోర్టుకు సంహితలోని 396వ సెక్షను ఇస్తోంది. మతి కారణంగా ముగిసే కేసుల్లో ఆ అధికారాన్ని గుర్తుచేయాల్సిన బాధ్యత ప్రాసిక్యూటరుది.

పార్లమెంటు చట్టాన్ని సవరించేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. వైద్యుడికి పంపే ఉత్తర్వులో ‘మతిస్థిమితం ఉందా లేదా’ అన్న ఒక్క ప్రశ్న రాస్తే ఒక్క మాట జవాబే వస్తుంది. సాక్ష్యాన్ని వెంబడించగలడా, న్యాయవాదికి సూచనలు ఇవ్వగలడా, ఏ భాషలో ఏ పరీక్షతో చూశారు, చికిత్సకు ఎంతకాలం పడుతుంది, చికిత్సతో ఈ సామర్థ్యం తిరిగి వస్తుందా అని విడివిడిగా అడగమని న్యాయవాది కోరవచ్చు. చివరి ప్రశ్నే కీలకం. ‘చికిత్సకు అవసరమైన కాలం’ దాకా వాయిదా వేయమని చట్టం అంటోంది. తిరిగి రాదని వైద్యుడు రాసినప్పుడు అలాంటి కాలమే లేదు, కాబట్టి వాయిదాకు ఆధారమూ లేదు. వైద్య అభిప్రాయం మీద ఆధారపడి, తగిన పూచీతో నిందితుడి విడుదలకు వీలు కల్పించే మాటలు 369వ సెక్షను మూడో ఉపనిబంధనలో ఇప్పటికే ఉన్నాయి. వాటి ఆధారంగా వాదించడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఆ ప్రశ్నను ఉత్తర్వులో రాయించే న్యాయవాది, దానికి తప్పించుకోకుండా జవాబు రాసే వైద్యుడు ఉంటే చాలు.